మా ఆయన ఘాట్ ఎక్కడం మానేశాక

మా ఆయన లారీ నడపడం మానేసిన వారం నేను చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన చేయించాను. పాస్టరుగారు మా ఇద్దరి తలల మీదా చేతులుంచి దీవించారు. బయటికి వస్తుంటే మా అమ్మ నా చెంప నిమిరి, "ఇంక నిమ్మళంగా ఉండమ్మే. దేవుడు నీ మొర విన్నాడు" అంది. నేనూ అలాగే అనుకున్నాను. భయపడాల్సిన కాలం అయిపోయిందనీ, ఇక నా ప్రాణం కుదుటపడుతుందనీ.

ఆయన మా గిద్దలూరు నుంచి నల్లమల ఘాట్ రోడ్డు మీదుగా నంద్యాలకు, అక్కణ్ణుంచి ఇంకా పైకి లారీ తోలేవాడు. ఎక్కువగా మార్కాపురం పలకరాయి లోడు. పెళ్ళయిన కొత్తలో ఆయన ఘాట్ ఎక్కుతున్నాడంటే నాకు ఏమీ అనిపించేది కాదు. అందరి మొగుళ్ళూ పనికి పోయినట్టే మా ఆయనా పోతున్నాడు అనుకునేదాన్ని. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఆయన లోడు దించి వచ్చిన రోజు ఇద్దరం గడపలో కూర్చుని ఒకే పళ్ళెంలో బొరుగులు తినేవాళ్ళం.

ఆయనకు ఒక స్నేహితుడు ఉండేవాడు. కంభం దగ్గర పల్లె. అతనూ లారీ డ్రైవరే. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరు మామా అని పిలుచుకునేవాళ్ళు. నన్ను చెల్లెమ్మా అనేవాడు. చివరిసారి మా ఇంట్లో అన్నం తిన్నప్పుడు పప్పులో ఉప్పు ఎక్కువైందని, "మామా, మీ ఇంటికి సముద్రం దగ్గరగా ఉన్నట్టుందే" అని నవ్వించాడు. మర్నాడు రెండు లారీలూ ఒకదాని వెనక ఒకటి బయల్దేరాయి. ఘాట్‌లో దిగుడు మలుపు దగ్గర ముందు పోతున్న అతని లారీ పిట్టగోడను కొట్టుకుని లోయలోకి జారింది. మా ఆయన బండి ఆపి, పొదలు పట్టుకుని కిందికి దిగాడు. అతని ప్రాణం పోయేదాకా పక్కనే కూర్చున్నాడు.

ఇంటికి వచ్చి నాకు చెప్పింది ఇంతే. చొక్కా మీద ఎండిన రక్తం ఉంది. నేను తీసుకోబోతే ఇవ్వలేదు. తనే బండ మీద వేసి ఉతుక్కున్నాడు. అన్నం పెడితే తిన్నాడు. తర్వాత ఆ సంగతి ఎత్తలేదు.

భయం నాకు పట్టుకుంది. ఆయన నిద్రపోతుంటే ఛాతీ లేస్తోందా లేదా అని చూసేదాన్ని. కొన్నాళ్ళకు లారీ ఓనరు ఫోన్ చేసి లోడు ఉందని చెప్పినప్పుడు నేను పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"నువ్వు ఘాట్ ఎక్కితే నేను బతకనయ్యా. ఒట్టు."

ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత ఫోన్ తీసుకుని, "మా ఆడమనిషి ఒప్పుకోవట్లే అన్నా. నేను మానేస్తున్నా" అని చెప్పేశాడు.

వాదించలేదు. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడేమిటా అని నాకు అప్పుడు తోచలేదు. తోచి ఉంటే తర్వాత రెండేళ్ళూ వేరేగా గడిచేవేమో.

ఇంటి ముందు రేకుల పందిరి వేసి పంచరు షాపు పెట్టుకున్నాడు. మా వంటింటి కిటికీలోంచి చూస్తే నేరుగా ఆయన వీపు కనిపిస్తుంది. ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూస్తూ వంగి కూర్చునేవాడు. ఘాట్‌కు పోయే లారీలు అక్కడే ఆగి గాలి పెట్టించుకునేవి. డ్రైవర్లు టీ తాగుతూ ఫలానా మలుపులో రోడ్డు తెగిందనీ, ఫలానాచోట ఎలుగుబంటి అడ్డం వచ్చిందనీ చెప్పుకుంటుంటే ఆయన తల ఎత్తకుండా వినేవాడు. బంధువులు మాత్రం నన్నే అన్నారు. "బంగారం లాంటి డ్రైవరును తెచ్చి తొట్టి ముందర కూర్చోబెట్టింది" అని మా ఆడబిడ్డ నా ముఖం మీదే అంది. నేను పడ్డాను. నా మనిషి నా కళ్ళ ముందు ఉన్నాడు కదా, ఏమన్నా అననీ అనుకున్నాను.

కానీ కళ్ళ ముందు ఉన్నా భయం పోలేదు. అది ఘాట్ దిగి మా ఇంటికే వచ్చింది. గాలి మిషను పేలుతుందేమో. తడి చేత్తో స్విచ్ వేస్తాడేమో. రోడ్డు పక్కన కూర్చున్నవాడి మీదికి ఏ బండో దూసుకొస్తుందేమో. టీ తాగడానికి సెంటరు దాకా పోతే నేను గడపలోకి వచ్చి నిలబడేదాన్ని. ఆయన తిరిగి వచ్చేదాకా కాళ్ళు లోపలికి పడేవి కావు. అది చూసి ఆయన టీ కూడా మానుకున్నాడు. ఇంట్లోనే పెట్టుకో అన్నాడు.

తర్వాత భయం నా ఒంట్లోకే దూరింది. కూరగాయల మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. చుట్టూ మనుషుల మాటలు ఎక్కడో దూరంగా వినిపించాయి. ఇక్కడే చచ్చిపోతున్నాను అనుకుని మూటల మీద కూలబడ్డాను. ఎవరో ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. గుండెకు పరీక్షలన్నీ చేశారు. డాక్టరమ్మ కాగితాలు చూసి, "గుండె గట్టిగా ఉందమ్మా. నీది భయం" అంది. బిళ్ళలు రాసిచ్చింది. గుండెలో ఏదైనా చిల్లు ఉందని చెప్పి ఉంటే నాకు బాగుండేది. కనీసం ఒక పేరు ఉండేది.

మార్కెట్‌కు పోవడం మానేశాను. బస్సు ఎక్కడం మానేశాను. చర్చిలో తలుపు దగ్గరి కుర్చీ దొరక్కపోతే వెనక్కి వచ్చేసేదాన్ని. చివరికి స్నానాల గదికి గడియ పెట్టుకోవడం కూడా మానేశాను. ఆయన షాపులో, నేను కిటికీలో. ఇద్దరి మధ్యా పదడుగుల వాకిలి. ఎవరూ ఎవరినీ కట్టెయ్యలేదు గానీ, ఎవరమూ కదల్లేకపోయాం.

అలాంటి రోజుల్లో మా మేనత్త వచ్చింది.

ఆమె మా నాయనకు చెల్లెలు. దొనకొండ వైపు పల్లెల్లో నర్సుగా పనిచేసి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. చాలా ఏళ్ళ కిందట బౌద్ధం తీసుకుంది. చందవరం దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున మెట్ట మీద పాత స్తూపం ఉంది కదా, పౌర్ణమి నాడు అక్కడికి పోయి కూర్చుని వస్తుంది. ఆమె చర్చి మానేసిన సంవత్సరం క్రిస్మస్‌కు మా అమ్మ ఆమెను పిలవలేదు. ఆ తర్వాత పిలవడం, పిలవకపోవడం అన్న ప్రశ్నే రాలేదు. నాయన పోయినప్పుడు వచ్చి వెళ్ళిందంతే. ఇప్పుడు నా సంగతి ఎవరో చెబితే సంచీ ఒకటి భుజాన వేసుకుని దిగింది.

ఆమె రాగానే బోధలు మొదలుపెడుతుందనుకున్నాను. పెట్టలేదు. ఇల్లంతా చూసి, "కిటికీ దగ్గర నేల అరిగిపోయింది గదమ్మే" అంది. నిజంగానే నేను నిలబడే చోట గచ్చు నల్లబడి ఉంది.

ఒక మధ్యాహ్నం పెద్ద ఉరుము ఉరిమింది. అత్త చటుక్కున రెండు చెవులూ మూసుకుని గోడకు నక్కింది. నేను ఆశ్చర్యపోయాను.

"ఏందత్తా, బుద్ధుడి దారిలో పోయేదానివి. నీకు భయమా?"

"చిన్నప్పట్నుంచీ భయమే. పిడుగంటే నా కాళ్ళు వణుకుతాయి."

"మరి ఇన్నేళ్ళు ఏం నేర్చుకున్నావు?"

ఇంకో ఉరుము వచ్చి పోయేదాకా ఆగి చెవులమీద చేతులు తీసింది. "భయం రాకుండా చేసుకోవడం కాదమ్మే నేర్చుకునింది. అది వస్తది. వచ్చినాక దాని ఎనకంబడి పోకుండా ఉండటం. నేను చెవులు మూసుకున్నా, అయిపోయింది, తీసినా. ఉరుము పోయినాక కూడా మూసుకునే కూర్చుంటే పక్కన నువ్వు పిలిచినా నాకు వినపడదు గదా."

మర్నాటి నుంచి పొద్దున్నే నన్ను చాప మీద కూర్చోబెట్టేది. కళ్ళు మూసుకుని ఊపిరి ఎట్లా పోతోందో, ఎట్లా వస్తోందో ఊరకే గమనించమంది. నాకు ఊపిరి సంగతి తలుచుకుంటేనే ఊపిరి ఆడేది కాదు. గుండె దడ మొదలయ్యేది. లేచిపోబోతే చెయ్యి పట్టుకోకుండా, నర్సు అడిగినట్టు అడిగేది.

"యాడుంది భయం? చెయ్యి పెట్టి చూపించు."

"ఇక్కడ. గొంతు కింద."

"ఎట్లుంది? వేడిగానా, చల్లగానా?"

"బిగిసినట్టు... తాడు కట్టినట్టు."

"ఇప్పుడు పెరిగిందా, తగ్గిందా?"

"పెరిగింది."

"సరే, పెరగనీ. ఇప్పుడో?"

అలా అడుగుతూనే ఉండేది. నాకు విసుగొచ్చేది. అది తగ్గాలని నేను కూర్చుంటే, తగ్గాలని కూర్చోవద్దనేది. కొన్ని రోజులు మరీ ఎక్కువైంది. ఒకటి మాత్రం కనిపెట్టాను. భయం ఒకేలా ఉండదు. నేను దాన్ని రాయి అనుకున్నాను. చెయ్యి పెట్టి చూస్తే అది కదులుతోంది, గొంతు నుంచి కడుపులోకి, కడుపులోంచి వేళ్ళలోకి. పెద్దదై, చిన్నదై, ఒక్కోసారి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. అంతకు మించి ఏమీ జరగలేదు. లేచి మళ్ళీ కిటికీ దగ్గరికే పోయేదాన్ని.

ఒకరోజు నాకు ఓర్పు నశించింది. ఆయన ఇంకో చక్రం తేవడానికి బండి మీద ఎవరి వెనకో ఎక్కి పోయాడు. నేను గడపలో నిలబడి అత్త మీద విరుచుకుపడ్డాను.

"ఇవన్నీ నాకొద్దు. మా ఆయనకు ఏం కాదు అని ఒక్క మాట చెప్పత్తా. చాలు."

"అది నేను చెప్పలేనమ్మా."

"ఎందుకు చెప్పలేవు? అమ్మ చెప్తుంది. పాస్టరుగారు చెప్తారు."

"వాళ్ళ నమ్మకం వాళ్ళది, నేను తప్పు పట్టను. నాకు తెలిసింది మాత్రం, పుట్టినోళ్ళకందరికీ ఏదో ఒకటి అయితది. నీకూ అయితది, నాకూ అయితది. ఏం కాదని చెప్తే నీకు అబద్ధం చెప్పినట్టు."

"మనుషుల మీద ప్రేమ లేనోళ్ళ మాట ఇది," అన్నాను. "నీకు మొగుడు లేడు, పిల్లలు లేరు. నీకేం తెలుసు పోగొట్టుకోవడమంటే?"

అన్నాక నాకే నోరు చేదెక్కింది. అత్త కోపం తెచ్చుకోలేదు. అరుగు మీద నా పక్కన కూర్చుంది. మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

"కాన్పులు చేసేటప్పుడు తల్లులు నా మణికట్టు పట్టుకునేవాళ్ళు. తొలి కాన్పోళ్ళు మరీ గట్టిగా. గోళ్ళు దిగేవి. చూడు, ఇంకా మచ్చలుండాయి. వదలమ్మా అంటే వదిలేవాళ్ళు కాదు. నేను పోతే ఇంక దిక్కులేదు అనుకునేవాళ్ళు. పాపం, నామీద నమ్మకమే. కానీ బిడ్డ తల బయటికొస్తుంటే నాకు రెండు చేతులూ కావాల. నా చెయ్యి ఆమె చేతుల్లో ఉంటే ఆమె బిడ్డను నేనెట్ల పట్టుకోవాల? 'నేను యాడికీ పోను, చెయ్యి మాత్రం ఇడువు' అని చెప్పి చెప్పి ఇడిపించుకునేదాన్ని. ప్రేమ వద్దని బుద్ధుడు చెప్పలేదమ్మే. ఈ పట్టు ఉంది చూడు, తృష్ణ అంటారు, దాహం లాంటిది, దాన్ని చూసుకోమన్నాడు. నీ మొగుడి మీద నీకున్నది ప్రేమే. దాన్ని పట్టుకున్న చెయ్యి మాత్రం భయానిది."

అంతలో ఆయన చక్రం భుజాన వేసుకుని తిరిగి వస్తూ, గడపలో నన్ను చూడగానే నడక వేగం పెంచాడు. ఆలస్యమైతే నేనేమైపోతానో అన్న ఆదుర్దా ఆ ముఖంలో మొదటిసారి స్పష్టంగా చూశాను. నేను ఆయన కోసం భయపడుతుంటే, ఆయన నా భయానికి భయపడుతున్నాడు.

అత్త ఇంకొన్నాళ్ళుండి తన ఊరికి పోయింది. నేను పొద్దున్నే చాప మీద కూర్చోవడం మానలేదు. నమ్మకంతో కాదు, ఇంకేం చెయ్యాలో తెలియక.

వానలు మొదలయ్యాక మా అమ్మ నంద్యాలలో మా తమ్ముడి ఇంటికి పోయింది. అక్కడ స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. తమ్ముడు ఫోన్ చేసి, "ఆపరేషన్ చెయ్యాలంట. నిన్నే కలవరిస్తోందక్కా" అన్నాడు. పొద్దుటి రైలు దాటిపోయింది. మిగిలింది బస్సు. అంటే ఘాట్.

నేను పోలేనన్నాను. మళ్ళీ పోతానన్నాను. ఆయన షాపు రేకు దించి తాళం వేసి, "పా, నేనూ వస్తా" అన్నాడు. ఆయన గొంతు ఎలాగో ఉంది. నా కోసం ధైర్యం తెచ్చుకుంటున్నాడనుకున్నాను.

బస్సు నిండుగా ఉంది. కిటికీ పక్క సీటు నాకిచ్చి ఆయన ఇటు కూర్చున్నాడు. ఊరు దాటి అడవి మొదలవగానే నా గొంతు కింద తాడు బిగిసింది. పెరగనీ అనుకున్నాను. టేకు చెట్లు, వెదురు పొదలు కిటికీ పక్కనుంచి వెనక్కి పోతున్నాయి. మలుపులన్నీ ఎక్కి, దిగుడు మొదలయ్యాక బస్సు ఆగిపోయింది. ముందు ఒక లారీ యాక్సిల్ విరిగి రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయిందట. వెనక చూస్తే అప్పటికే బండ్ల వరుస కట్టింది. ముందుకు పోలేం, వెనక్కి తిరగలేం. సన్నగా వాన. జనం కిటికీలు మూసేశారు. లోపల ఉక్క, పసిపిల్లల ఏడుపు, ఎవరి సంచీలోంచో ఎండుచేపల వాసన. నేను రెండేళ్ళుగా తప్పించుకు తిరిగిందంతా ఒక్క డబ్బాలో వేసి మూత పెట్టినట్టయింది.

ఇప్పుడు చచ్చిపోతాను అనిపించింది. ఎప్పటిలాగే. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. సాయం కోసం ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి మంచులా ఉంది.

తిరిగి చూశాను. ఆయన కళ్ళు ముందు అద్దం మీద నిలిచిపోయాయి. నుదుటి మీద చెమట. పెదాలు తెల్లబడ్డాయి. నోటితో ఊపిరి పీలుస్తున్నాడు, అందనట్టు. ఆ ముఖం నాకు బాగా తెలుసు. బయటి నుంచి ఎప్పుడూ చూడలేదంతే. అది నా ముఖం.

"ఏమయ్యా?"

"గాలి ఆడట్లే," అన్నాడు. "దిగుదాం. దిగుదాం పా."

జనాన్ని తోసుకుంటూ దింపాను. రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చోబెట్టాను. వాన మా మీద పడుతూనే ఉంది. ఆయన మోకాళ్ళు ఎగిరెగిరి పడుతున్నాయి. నా గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంది, అది ఎక్కడికీ పోలేదు. కానీ దాన్ని చూసుకునే తీరిక లేదు. అత్త అడిగినట్టే అడిగాను.

"యాడుంది? చెయ్యి పెట్టు."

ఆయన ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకున్నాడు.

"ఉండనీ. దాన్ని నెట్టబాక. కాళ్ళు కింద ఆనించు. రాయి చల్లగుంది, తెలుస్తోందా?"

"చచ్చిపోతానేమో."

"నాకూ అట్లే ఉంది ఇప్పుడు. ఇద్దరం చూద్దాం ఉండు."

ఏం కాదు అని చెప్పలేదు. చెప్పబోయి ఆగాను. చాలాసేపటికి ఆయన ఊపిరి కాస్త కిందికి దిగింది. అప్పుడు చేయి చాచి ముందు మలుపు చూపించాడు. పిట్టగోడ ఒకచోట కొత్త సిమెంటుతో తెల్లగా ఉంది.

"అక్కడే," అన్నాడు.

నా వైపు తిరిగి అన్నాడు. "నేను బండి మానింది నీ కోసం కాదు."

నాకు అర్థం కాలేదు.

"మామ పోయినాక రెండుసార్లు ఓనరు దగ్గరికి పోయినా, నీకు చెప్పకుండా. బండి ఎక్కి కూర్చుంటే చేతులు వణికేవి. తాళం తిప్పలేకపోయినా. దిగొచ్చేసినా. ఎవరికి చెప్పుకోవాల? పదిహేనేళ్ళు తోలినోడు భయపడినాడంటే నవ్వరా? నువ్వు వద్దన్నావు చూడు, ఆ రోజు నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆడమనిషి ఒప్పుకోవట్లేదని అందరికీ చెప్పుకున్నా. నిన్ను అందరూ అంటుంటే వింటూ కూర్చున్నా. నీ భయం చాటున నేను దాక్కున్నా."

నాకు ముందు కోపం వచ్చింది. ఆడబిడ్డ మాటలు, బంధువుల చూపులు, నా మొగుడి కాళ్ళు నేనే విరగ్గొట్టానని చాప మీద ముడుచుకుని ఏడ్చిన పగళ్ళు అన్నీ గుర్తొచ్చాయి. పెద్దగా అరవాలనిపించింది. అరవడానికి నోరు తెరిస్తే నవ్వు వచ్చింది. ఆయన బిత్తరపోయి చూశాడు. వానలో తడుస్తూ, ముందూ వెనకా దారి మూసుకుపోయిన ఘాట్‌లో, రాయి మీద కూర్చుని ఇద్దరం దొంగల్లా దొరికిపోయాం. ఎవరికి ఎవరు కాపలా అనుకున్నామో అదంతా తలకిందులైంది. నేను నవ్వుతూ ఏడ్చాను. ఆయన కూడా ఏడ్చాడు, స్నేహితుడు పోయాక మొదటిసారి. బస్సు కిటికీలోంచి ఒక ముసలామె చూసి, "ఎవరన్నా పోయినారా అమ్మా?" అని అడిగింది. "అవునవ్వా, రెండేళ్ళయింది" అన్నాడు ఆయన.

లారీని పక్కకు లాగేసరికి సాయంత్రం కావచ్చింది. అదే బస్సులో నంద్యాల చేరాం. మా భయాలు అక్కడ దిగిపోలేదు, మాతోనే వచ్చాయి. కాకపోతే నాది నేను, ఆయనది ఆయన మోసుకుంటున్నాం.

అమ్మకు ఆపరేషన్ అయింది. మంచం దిగకూడదన్నారు. ఒళ్ళు తుడవడానికీ, పక్క మార్చడానికీ మాకు చేతకాక అవస్థ పడుతుంటే అత్త వచ్చేసింది. నేనే ఫోన్ చేశాను. అమ్మ ఆమెను చూసి ముఖం అటు తిప్పుకుంది. అత్త వేడినీళ్ళు తెప్పించి, తెర వేసి, అమ్మను ఒడుపుగా పక్కకు తిప్పి వీపు తుడిచింది. అమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. అయ్యాక కళ్ళు తెరిచింది.

"నీకు దేవుడు లేడు గదా. నాకు ఇదంతా చేస్తే నీకేం వస్తది?"

"నడుము నొప్పి వస్తది వదినా," అంది అత్త.

అమ్మ పెదవులు కదిలాయి. నవ్వు ఆపుకోవాలని చూసింది గానీ ఆగలేదు. నవ్వితే తుంటి లాగింది, అబ్బా అంది. ఆ క్రిస్మస్‌కు అత్తను అమ్మే పిలిచింది. అత్త చర్చి లోపలికి రాలేదు. బయట వేపచెట్టు కింద పిల్లలకు బిస్కెట్లు పంచుతూ కూర్చుంది. ఎవరూ ఎవరినీ మార్చలేదు.

మాకు మిగిలిపోయిన పని ఒకటుంది. ఆ స్నేహితుడి భార్య ఎన్నోసార్లు కబురు పెట్టింది, అన్నను ఒకసారి రమ్మని. మా ఆయన పోలేదు. అంత్యక్రియల నాడు ఆమె ముఖంలోకి చూడలేకపోయాడట. ఘాట్ నుంచి వచ్చాక కొన్ని నెలలు ఊగిసలాడి, చలికాలంలో ఒకరోజు, "పోదాం" అన్నాడు. బస్సులో కంభం, అక్కణ్ణుంచి ఆటోలో వాళ్ళ పల్లె.

ఆమె చింతకాయలు కొడుతోంది. మమ్మల్ని చూసి గోనెసంచి దులిపి పరిచింది. నీళ్ళిచ్చింది. బాగున్నారా అంటే బాగున్నాం అనుకున్నాం. చివరికి ఆమే అడిగింది.

"నొప్పి పడినాడా అన్నా?"

ఆయన నా వైపు చూశాడు. నేను కళ్ళు దించుకున్నాను. ఆ మాటకు జవాబు నేనివ్వగలిగింది కాదు.

"పడినాడమ్మా," అన్నాడు. "కొంతసేపు బాగా పడినాడు. అరిచినాడు. తర్వాత నీళ్ళడిగితే ఇచ్చినా. రెండు గుక్కలు తాగినాడు. నీ పేరు పిలిచినాడు, పిల్ల పేరు పిలిచినాడు. ఆ తర్వాత నొప్పి తెలియనట్టే ఉన్నాడు. నా చెయ్యి మీద తల పెట్టుకుని పైకి చూస్తా పోయినాడు."

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. మేము ఓదార్చలేదు. పక్కన కూర్చున్నాం. ఏడుపు తెరలు తెరలుగా వచ్చి, నెమ్మదించింది.

"అందరూ ఏం తెలియకుండా పోయినాడమ్మా, నిద్రలో పోయినట్టు పోయినాడమ్మా అని చెప్పినారన్నా," అంది ముక్కు తుడుచుకుంటూ. "నాకు తెల్సు అది అబద్ధమని. నిజం ఏందో తెలీక రోజుకో రకంగా ఊహించుకుని సచ్చిపోతున్నా. అట్ల అయిందా, ఇట్ల అయిందా అని. ఇప్పుడు ఒకటే ఉంది. ఇంక ఇదొక్కటే."

లేచి పొయ్యి వెలిగించింది. మేము వద్దంటున్నా వినకుండా జొన్న రొట్టెలు చేసింది. రొట్టె తడుతూ, తన మొగుడు పెళ్ళిచూపులకు వచ్చి ద్వారబంధం తలకు తగిలి బొప్పి కట్టించుకున్న సంగతి చెప్పింది. మా ఆయన తనకు తెలిసిన సంగతులు చెప్పాడు, బళ్ళారి దాబాలో వడ్డించినవాడితో పందెం కట్టి మిరపకాయలు తిన్నది, పాట పాడితే పక్క లారీవాళ్ళు హారన్ కొట్టింది. ఆమెకు తెలియని మొగుడు ఒకడు ఆ మాటల్లో కనిపించినట్టున్నాడు, పొయ్యి సంగతి మరిచి వింటూ ఒక రొట్టె మాడ్చింది. ఆ మాడిన రొట్టె తనే తీసుకుని, మంచివి మాకు పెట్టింది.

మా ఆయన మళ్ళీ లారీ ఎక్కలేదు. ఎక్కుతాడో లేదో నాకు తెలీదు, నేను అడగను. టీకి సెంటరు దాకా పోయి వస్తున్నాడు. తన భార్య ఒప్పుకోలేదన్న మాట ఎవరైనా ఎత్తితే, "లేదు, నాకే భయమేసింది" అని చెబుతున్నాడు. మొదటిసారి అలా అన్నప్పుడు మా ఆడబిడ్డ ఏమనాలో తోచక నాతో వానల సంగతి మాట్లాడింది. నాకు బస్సులో ఇప్పటికీ గొంతు బిగుస్తుంది. కొన్ని రోజులు ఇల్లు దాటలేను. దాటగలిగిన రోజున మార్కెట్‌కు పోయి వంకాయలు తెచ్చుకుంటాను.